రాతిచారు కంప్యూటరు

పారవేయదలచిన పాత యంత్రాలు ఒక్కటై మహాయంత్రం పని ఎలా చేశాయి? ఆ విద్య పుస్తకాలకెక్కి సామాన్యుల చేతికి ఎలా వచ్చింది?

1996లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పనిచేస్తున్న విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు వచ్చిపడింది. నేల, వాన, ఉష్ణోగ్రతల పోలికలను బట్టి తమ దేశాన్ని పర్యావరణ మండలాలుగా విభజించి పటం గీయాలన్నది వారి సంకల్పం. ఒక్కొక్క చదరపు కిలోమీటరును ఒక గడిగా తీసుకుంటే ప్రధాన భూభాగంలోనే 78 లక్షల గడులు తేలాయి. ఒక్కొక్క గడికి 25 లక్షణాలు. వీటన్నిటినీ పోల్చి, ఏ గడి ఏ మండలానికి చెందుతుందో నిర్ణయించాలి. బల్లమీది కంప్యూటరుకు అది తలకు మించిన పని. సూపర్ కంప్యూటరు కొనాలంటే అపారమైన ధనం కావాలి.

మధ్యే మార్గంగా వారు ఒక అర్జీ పెట్టుకున్నారు. మామూలు కంప్యూటర్లు 64 కొని, వాటిని తీగలతో కలిపి ఒకే యంత్రంలా పనిచేయిస్తామనీ, అందుకు 64 వేల డాలర్లు సరిపోతాయనీ విన్నవించారు. ఆ సొమ్ము కూడా మంజూరు కాలేదు.

ముప్పైమంది బలం

ఈ ఉపాయం గాలిలోంచి పుట్టినది కాదు. 1994లో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇంజనీర్లు అంగడిలో దొరికే 16 కంప్యూటర్లను సాధారణమైన ఈథర్‌నెట్ తీగలతో కలిపి ఒక సమూహం నిర్మించారు. దాన్ని నడిపినది ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన లైనక్స్ వ్యవస్థ. ఆ సమూహానికి వారు ‘బియోవుల్ఫ్’ అని పేరు పెట్టారు. ప్రాచీన ఆంగ్ల కావ్యంలోని ఆ వీరుని పిడికిట్లో ముప్పైమంది బలం ఉండేదని కవి వర్ణన. బలమంతా ఒక్కచోట చేరడమే ఈ యంత్రం రహస్యం కూడా కనుక పేరు అతికినట్టు కుదిరింది.

మన పెద్దలకు ఇది తెలియని నీతి కాదు. గడ్డిపోచలు పేనితే మోకు అవుతుంది. మోకుతో ఏనుగునైనా కట్టవచ్చు. చిక్కంతా ఆ పేనడంలోనే ఉన్నది.

చేతులు ముడుచుకు కూర్చోని ఇద్దరు

అర్జీ తిరిగివచ్చినా హార్‌గ్రోవ్, హాఫ్‌మన్‌లు నిరాశ చెందలేదు. కొత్త యంత్రాలు రాగానే పాతవాటిని మూలకు నెట్టడం ప్రతి కార్యాలయంలోనూ ఉన్నదే. అలా మూలపడ్డ కంప్యూటర్లను తమకు ఇప్పించవలసిందని వారు తోటివారిని అడిగారు. యంత్రాలు ఒక్కొక్కటే చేరసాగాయి. ఒకదానికి జ్ఞాపకశక్తి చాలదు, ఇంకొకదానికి డిస్కు చెడిపోయింది. పలు యంత్రాలను విప్పి, మంచి భాగాలు ఏరి కూర్చితేగాని పనికివచ్చేది ఒకటి తయారయ్యేది కాదు.

దీనికి వారు ‘స్టోన్ సూపర్ కంప్యూటర్’ అని నామకరణం చేశారు. ఇందులో ఒక శ్లేష ఉన్నది. ‘స్టోన్ సూప్’, అనగా రాతిచారు, ఐరోపా దేశాల్లో ప్రసిద్ధమైన జానపద కథ. ఆకలిగొన్న బాటసారి ఒక ఊరు చేరి, కుండలో నీళ్లు పోసి, ఒక రాయి వేసి పొయ్యిమీద పెడతాడు. ఏమిటని అడిగినవారికి రాతిచారు అంటాడు. కాస్త ఉప్పు ఉంటే బాగుండునంటే ఒకరు ఉప్పు తెస్తారు. మరొకరు దుంపలు, ఇంకొకరు ఆకుకూర తెస్తారు. చివరికి ఊరంతటికీ సరిపడా రుచికరమైన చారు తయారవుతుంది.

ఓక్ రిడ్జ్ చారు కూడా అలాగే చిక్కబడింది. 2001 నాటికి అందులో 133 కంప్యూటర్లున్నాయి. 75 యంత్రాలు అప్పటికే కాలం చెల్లిన 486 రకానివి. 53 పెంటియం రకానివి. తక్కిన అయిదు ఆల్ఫా యంత్రాలు. వాటిలో ఒక్కటీ కొన్నది కాదు.

పని పంచడంలో చిక్కు

యంత్రాలను కలపడంతో సగం పనే అయింది. గుంపులో ఒకటి చురుకైనది, ఒకటి మందకొడిది. పనిని 133 సమభాగాలు చేసి పంచితే ఏమవుతుంది?

వరినాట్లతో పోల్చి చూడవచ్చు. పొలాన్ని పదిమంది కూలీలకు సమానంగా గిరిగీసి ఇస్తే, చేయి తిరిగినవారు మధ్యాహ్నానికే ముగించి గట్టున కూర్చుంటారు. అలవాటు లేనివారు పొద్దుగూకేదాకా వంగి ఉంటారు. చివరి మనిషి లేచేదాకా నాట్లు పూర్తి కావు. అలాకాక, మేస్త్రీ చిన్న చిన్న మడులుగా విభజించి, ఒక మడి ముగించినవారికి మరొకటి చూపుతూ పోతే ఎవరూ ఖాళీగా ఉండరు. అందరూ దాదాపు ఒకేసారి గట్టెక్కుతారు.

ఓక్ రిడ్జ్ శాస్త్రజ్ఞులు అనుసరించిన పద్ధతి ఇదే. ఒక యంత్రం మేస్త్రీ అయి గడులను చిన్న వంతులుగా పంచేది. వంతు ముగించిన యంత్రం ఫలితం అప్పగించి ఇంకొక వంతు అడిగేది. చురుకైనది ఎక్కువ, మందకొడిది తక్కువ చేసేవి. దీన్నే నిపుణులు ‘లోడ్ బ్యాలెన్సింగ్’, అనగా భారాన్ని సమతూకంగా పంచడం, అంటారు. వంతు మరీ చిన్నదైతే మాత్రం పనికంటే అడగడాలకూ అప్పగించడాలకూ ఎక్కువ కాలం పడుతుంది. సరైన కొలత ఏదో చేసి చూసి తెలుసుకోవలసిందే.

పలు తలల కుక్క

ఈ విద్య త్వరలోనే పుస్తకాలకెక్కింది. గ్రెగరీ ఫిస్టర్ 1995లో ‘ఇన్ సెర్చ్ ఆఫ్ క్లస్టర్స్’ అనే గ్రంథంలో రెండు రకాల యంత్రాలను కుక్కలతో పోల్చాడు. కంప్యూటర్ల సమూహం కుక్కల గుంపు వంటిది. ఒకే పెట్టెలో పలు ప్రాసెసర్లున్న యంత్రం పలు తలల కుక్క వంటిది. గుంపులో ఒక కుక్క కాలు విరిగితే తక్కినవి వేట సాగిస్తాయి. పలు తలల కుక్క కాలు విరిగితే తలలన్నీ కూలబడతాయి. పది తలల రావణునికీ కాళ్లు రెండే కదా!

1999లో స్టెర్లింగ్, బెకర్‌లు మరి ఇద్దరితో కలిసి బియోవుల్ఫ్ నిర్మాణ విధానాన్ని పుస్తకంగా వెలువరించారు. ఏ పెట్టె కొనాలి, ఏ తీగ ఎక్కడ తగిలించాలి, పనిని ఎలా విభజించాలి అన్నవి ఒక్కొక్కటే విడమరచి చెప్పారు. ప్రయోగశాలల్లోని రహస్యం విద్యార్థి బల్లమీదికి వచ్చింది.

ఇదే సూత్రం ఇంటర్నెట్టుకూ పనికివచ్చింది. 1994లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎన్.సి.ఎస్.ఏ. కేంద్రానికి వచ్చే వెబ్ సందర్శకుల తాకిడిని ఒక సర్వరు భరించలేకపోయింది. అప్పుడు కొన్ని సర్వర్లను పెట్టి, వచ్చినవారిని వరుసగా ఒకరిని ఒకదానికి, మరొకరిని ఇంకొకదానికి పంపే ఏర్పాటు చేశారు. ఈ వంతుల పద్ధతిలో ఒక లోపం ఉన్నది. ఒక సర్వరు చచ్చిపడినా, దాని వంతు రాగానే సందర్శకుని అక్కడికే పంపుతుంది. అందుచేత తరువాత ద్వారపాలకుని వంటి యంత్రాలు వచ్చాయి. ప్రతి సర్వరునూ క్షణక్షణం పలకరిస్తూ, పలకనిదాన్ని వరుసలోంచి తప్పించి, పని తక్కువగా ఉన్నదానికి కొత్తవారిని పంపడం వాటి విధి. ఆ ద్వారపాలకుడే పడిపోతే? అందుకే జంటగా నియమిస్తారు.

ఇటువంటి పుస్తకాలను నవల చదివినట్టు చదివితే లాభం లేదు. ఈత గురించి ఎంత చదివినా నీటిలో దిగక తప్పదు. రెండు పాత కంప్యూటర్లు, ఒక తీగ సంపాదించి, అధ్యాయం ముగియగానే ఆ పని చేసి చూసినవారికే విద్య పట్టుబడుతుంది. నడుస్తున్న యంత్రం తీగను కావాలని పీకి, తక్కినవి ఏంచేస్తాయో గమనించడం ఇందులో గొప్ప పాఠం.

భారతదేశానికి ఈ పాఠం కొత్తది కాదు. 1980 దశకంలో మనం కోరిన క్రే సూపర్ కంప్యూటరును అమెరికా నిరాకరించింది. 1988లో పుణేలో సీ-డాక్ సంస్థ ఏర్పడింది. విజయ్ భట్కర్ నాయకత్వంలో అక్కడి ఇంజనీర్లు చిన్న ప్రాసెసర్లను పెద్ద సంఖ్యలో కలిపి 1991లో ‘పరమ్ 8000’ను రూపొందించారు.

నేడు ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లలో అత్యధిక భాగం ఇటువంటి సమూహాలే. అవి నడిచేది లైనక్స్ మీదనే. ఓక్ రిడ్జ్‌లో పాత యంత్రాలు గీసిన పటాలు వాతావరణం మారితే ఏ మండలం ఎటు జరుగుతుందో అంచనా వేయడానికి తోవచూపాయి. డబ్బు ఇవ్వనన్నవారి మీద అలిగి ఆ ఇద్దరూ ఊరుకుని ఉంటే, ఆ పటాలకోసం ఇంకా ఎన్నాళ్లు ఆగవలసివచ్చేదో!