లినక్స్ ఎంపిక: భాండాగారం ఎవరిది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసరు లేనందువల్ల, చక్కగా నడుస్తున్న లాప్‌టాప్‌లు ఎన్నో మూలపడే స్థితికి వచ్చాయి. వాటిని నిలుపుకోదలచినవారు లినక్స్ వైపు చూడటం సహజం. చూడగానే ఎదురయ్యేది పేర్ల అడవి: ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, ఆర్చ్.

వీటి మధ్య తేడాను తెరమీది అందచందాలలో వెతకడం వృథా. ఆ అలంకారాన్ని ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా దాదాపుగా మార్చుకోవచ్చు. లినుస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ నిజానికి కెర్నెల్ మాత్రమే. దాని చుట్టూ వేలాది సాఫ్ట్‌వేర్లను సేకరించి, ఒకదానితో ఒకటి పొసిగేట్టు కూర్చి, భద్రతాలోపాలను ఎప్పటికప్పుడు సవరించి అందించేదే డిస్ట్రిబ్యూషన్. కనుక ఎంచుకోవలసినది ఒక భాండాగారాన్ని, దానిని కాపాడే మనుషులను.

1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అలాంటి భాండాగారాలలో చాలా పెద్దది. దాని ఆధారంగా 2004లో ఉబుంటు, ఉబుంటు ఆధారంగా 2006లో లినక్స్ మింట్ వచ్చాయి. కొత్తవారికి మింట్ సిన్నమన్ తగినది. విండోస్‌కు అలవాటుపడిన చేతికి మెనూ, టాస్కుబారు ఉండవలసినచోటే దొరుకుతాయి. ప్రతి ప్రధాన విడుదలకూ సుమారు ఐదేళ్ళు సవరణలు అందుతాయి. ఆర్చ్ నేర్చుకోవడానికి మంచిదే కాని, సోమవారం ఉదయం ఆఫీసు పనికి కూర్చునేవారికి కాదు. ఇక ఉద్యోగరీత్యా ఫోటోషాప్ తప్పనిసరైనవారికి ఏ డిస్ట్రిబ్యూషన్‌తోనూ ఊరట లేదు. ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, శబ్దం, ప్రింటరు పనిచేస్తున్నాయని తేలాకే హార్డ్‌డిస్కును ముట్టుకోవడం మేలు.

అసలు మార్చుకోవలసిన అలవాటు ఆ తరువాత ఎదురవుతుంది. విండోస్ వాడేవారు ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా వెబ్‌లో వెతికి దింపుకుంటారు. లినక్స్‌లో అది చివరి మార్గం; మొదటిది సాఫ్ట్‌వేర్ మేనేజర్. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లనే తీసుకుంటే, స్వేచ్ఛా లైసెన్సు ఉన్నందువల్ల అవి డెబియన్ భాండాగారంలోనే చేరాయి. ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అన్న ప్యాకేజీని ఇంగ్లీషు అక్షరాలలో వెతికి, ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. తెర వెనుక ఆప్ట్ అనే ప్రోగ్రాము ఆ ప్యాకేజీకి తోడుగా ఇంకేమి కావాలో లెక్కచూస్తుంది. భాండాగారపు సూచిక మీది డిజిటల్ సంతకాన్ని పరీక్షించి, వచ్చిన ఫైలు ఆ సూచికతో సరిపోలకపోతే తిరస్కరిస్తుంది. ఆపైన వచ్చే కొత్త కూర్పులను అప్‌డేట్ మేనేజర్ అన్నిటితోపాటు తెస్తుంది.

ఈ పద్ధతికి మూల్యం లేకపోలేదు: భాండాగారంలోని కూర్పులు కొన్ని పాతబడి ఉంటాయి. సరికొత్తది కావాలంటే ఫ్లాట్‌పాక్ ఉంది, కాని డిస్కులో ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఉబుంటులో క్రోమియం బ్రౌజరును ఆప్ట్ ద్వారా అడిగినా స్నాప్ రూపంలో వస్తుంది. అడిగినదొకటి, ఇచ్చేదొకటి అన్న అభ్యంతరంతో 2020లో మింట్ 20 ఆ ఏర్పాటును అడ్డుకుంది.

ఆప్ట్ కాపలా కాయలేని అడుగు ఒకటే: మొట్టమొదట ఐఎస్ఓ ఫైలును దింపుకోవడం. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవారు లంకెను మార్చి, దొంగదారి అమర్చిన ఐఎస్ఓను అంటగట్టారు. వెబ్‌సైటునే మార్చగలిగినవారు అందులోని చెక్‌సమ్ అంకెలనూ మార్చగలరు. అందువల్ల చెక్‌సమ్‌తోపాటు దాని మీది జీపీజీ సంతకాన్ని కూడా సరిచూడాలి. పద్ధతి మింట్ ఇన్‌స్టలేషన్ గైడులోనే వివరంగా ఉంది. పట్టేది కొద్ది నిమిషాలు.