మత్తుకు పేరు పెట్టిన అనాటమీ మాస్టారు

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే, ముందుగా అనస్తీషియా డాక్టరు వచ్చి చూసి వెళ్తారు. హోసూరులోనో మదురైలోనో ఉన్న మనవాళ్లకు నర్సమ్మ దాన్ని 'మయక్క మరుందు' అని చెబుతుంది. బళ్లారి, కోలారు వైపు కన్నడంలో 'అరివళికె' అంటారు. షోలాపూర్‌లో మరాఠీవాళ్లకు అది 'భూల్'. మన ఇళ్లలో మాత్రం మత్తుమందే. ఎన్ని పేర్లున్నా కేస్ షీటు మీద రాసే మాట ఒకటే, అనస్తీషియా. ఆ మాటను ఖాయం చేసింది మత్తును కనిపెట్టినవారు కాదు. అమెరికాలోని బోస్టన్‌కు చెందిన డాక్టరు, అనాటమీ పాఠాలు చెప్పిన ఆలివర్ వెండెల్ హోమ్స్. అదే పేరుతో ప్రసిద్ధుడైన సుప్రీంకోర్టు జడ్జి ఈయన కొడుకు.

1846 అక్టోబరు 16న మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఒక యువకుడి చేత ఈథర్ ఆవిరి పీల్పించారు. సర్జన్ జాన్ కాలిన్స్ వారెన్ అతని మెడ మీది గడ్డను కోశారు. అంతకుముందు ఆపరేషన్ అంటే నలుగురు గట్టిగా పట్టుకోవాలి, కత్తి ఎంత వేగంగా ఆడితే అంత మంచి సర్జన్. ఇప్పుడు రోగి కేకలు వేయలేదు. మోర్టన్ మాత్రం అది మామూలు ఈథరేనని తెలియకుండా రంగు, వాసన కలిపి, 'లీథియాన్' అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నారు. ఘనత ఎవరిదన్న తగువు ఏళ్ల తరబడి సాగింది.

హోమ్స్ ఆ తగువులోకి దిగలేదు. నవంబరు 21న మోర్టన్‌కు ఉత్తరం రాస్తూ, ఈ స్థితిని 'అనస్తీషియా' అంటే బాగుంటుందన్నారు. గ్రీకులో 'అన్' అంటే లేని, 'ఐస్థేసిస్' అంటే స్పర్శ, అనుభూతి. మాట కొత్తదేమీ కాదు, తిమ్మిరి పట్టే జబ్బుల విషయంలో పాతకాలం నుంచీ ఉంది. దాన్ని ఏరి ఈ పనికి పెట్టడమే ఆయన చేసింది. ఈ పేరు ముందుముందు అన్ని దేశాలవాళ్ల నోళ్లలో నానుతుంది కనుక, ఖాయం చేసేముందు మంచి పండితులను అడగమని కూడా సలహా ఇచ్చారు.

ఇక్కడే మన భాష సంగతి చెప్పాలి. కన్నడ 'అరివు' మన 'ఎరుక'కు తోబుట్టువు. అది పోవడమే అరివళికె. హోమ్స్ మాటకు అది చాలా దగ్గర. మన 'మత్తు'లో నిద్ర, కల్లు రెండూ కలిసిపోయాయి. అందుకే నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి మోకాలికో కాన్పుకో ఆపరేషన్ చేస్తుంటే, మన పెద్దవాళ్లు డాక్టర్ల మాటలు వినబడగానే "నాకింకా మత్తెక్కలేదయ్యా" అని హడలిపోతారు. ఆ పద్ధతిలో మెలకువ ఉంటుంది, నొప్పి మాత్రం ఉండదు. ఈ ఒక్క ముక్క ముందే ఇంట్లో మన మాటల్లో చెబితే సగం భయం తీరిపోతుంది.

తెలుగునాట మత్తుమందు చరిత్ర అంటే 1888, 1889ల్లో నిజాం ఆదరణతో జరిగిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు గుర్తొస్తాయి. అది ఇంకోసారి.

1847లో వారెన్ తప్పుకున్నాక హార్వర్డ్ వైద్య కళాశాలలో హోమ్స్ అనాటమీ, ఫిజియాలజీ ప్రొఫెసరయ్యారు. 1882 దాకా, అంటే 35 ఏళ్లు చెప్పారు. ఇన్ని సబ్జెక్టులు చెబుతున్నాను, నాది కుర్చీ కాదు సోఫా అని నవ్వేవారట. పొద్దున్నుంచీ పాఠాలు విని అలసిన పిల్లలను మధ్యాహ్నం ఒంటిగంటకు మేలుకొలపగలిగేది ఆయనేనని ఆ వేళ ఆయనకే ఇచ్చేవారు. పారిస్‌లో చదివొచ్చినవారు కనుక మైక్రోస్కోపును తరగతిలోకి తెచ్చారు.

మా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్దపని 1843 నాటిది. బాలింత జ్వరాన్ని ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి మోసుకెళ్తున్నది డాక్టర్లు, మంత్రసానులేనని ఆయన కేసు తర్వాత కేసు చూపించి వ్యాసం రాశారు. ఆ జ్వరంతో పోయినవారి శవాన్ని కోసిన డాక్టరు ఒళ్లు కడుక్కోవాలి, బట్టలన్నీ మార్చాలి, 24 గంటలైనా ఆగాకే పురుడు పోయడానికి వెళ్లాలి అన్నారు. సూక్ష్మక్రిముల సంగతి అప్పటికింకా తేలలేదు. ఫిలడెల్ఫియాలోని పేరున్న ప్రొఫెసర్లు ఎదురు తిరిగారు. పెద్దమనిషి చేతులు శుభ్రంగానే ఉంటాయన్నది వాళ్లలో ఒకరి వాదన. హోమ్స్ 1855లో ఆ వ్యాసాన్నే మళ్లీ అచ్చు వేయించారు.

అంత ధైర్యం 1850లో కనబడలేదు. డీన్‌గా ఉండగా ముగ్గురు నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నారు, హారియట్ హంట్ అనే మహిళకూ పాఠాలు వినేందుకు ఒప్పుకున్నారు. తక్కిన విద్యార్థులు గొడవ చేసేసరికి కళాశాల వెనక్కి తగ్గింది, ఆయనా తగ్గారు. ఆ ముగ్గురికీ అక్కడ చదువు ఆ ఒక్క శీతాకాలంతోనే ఆగిపోయింది.

1860లో వైద్యుల సభలోనే ఆయన, మనం వాడే మందులన్నీ సముద్రంలో పారేస్తే మనుషులకు మేలు, చేపలకు కీడు అన్నారు. కొన్నిటిని మాత్రం పారేయొద్దని మినహాయించారు. అందులో ఒకటి, నొప్పి తెలియకుండా చేసే ఆవిరి.