తుపాకీ మరమ్మతు వృత్తి: శిక్షణకు దారులు

ధరూర్ మండలంలో కమ్మరి కొలిమి పక్కనో, ట్రాక్టరు షెడ్డులోనో పెరిగినవారు మీలో ఉండవచ్చు. లేత్ మీద చెయ్యి తిరిగినవారికి తుపాకీ అంతుపట్టని యంత్రమేమీ కాదు. చేను మీద అడవిపందులు పడుతున్నాయని ఒక రైతు పాత తుపాకీ తెచ్చి, "కొంచెం చూడన్నా, గుర్రం పడటం లేదు" అంటాడనుకోండి. చూడకండి. ఎందుకో తెలుసుకున్న తరువాతే ఈ వృత్తిలోకి రావాలి.

ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీల తయారీకి, అమ్మకానికే కాదు, మరమ్మతుకు, పరీక్షకు కూడా లైసెన్సు ఉండాలి. తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి యజమాని తీసుకునే లైసెన్సు వేరు. అది 3వ సెక్షన్ కింద వస్తుంది. "ఆయనకు లైసెన్సు ఉంది కదా, బాగుచేస్తే తప్పేమిటి?" అని చాలామంది పొరబడేది ఇక్కడే. 2019 సవరణ తరువాత 5వ సెక్షన్ ఉల్లంఘనకు కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. తుపాకీ మీది నంబరును చెరిపినా, మార్చినా నేరమే. అందుకే శిక్షణ పొందినవాడు తుపాకీ చేతికి రాగానే ముందు అది ఖాళీగా ఉందో లేదో చూస్తాడు, తరువాత నంబరు చదువుతాడు. పనిముట్లు ఆ తరువాతే.

ఇక పని సంగతి. '12 బోరు' అనే మాట వినే ఉంటారు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఒక పౌను బరువుకు పన్నెండు తూగితే అది 12 బోరు. వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. కాబట్టి 16 బోరు గొట్టం దానికన్నా సన్నం. రైఫిల్‌లో ఇంకా సూక్ష్మమైన కొలత ఒకటుంది: మూసిన బోల్టు ముఖానికీ, తూటా లోపల ఆనుకునే చోటికీ మధ్య దూరం. దీన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఇది తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే తూటా తొడుగు చీలి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం వైపు తన్నవచ్చు. కంటితో తేల్చలేం, 'గో', 'నో-గో' గేజీలతో చూడాలి. నీటి పైపుతో చేసిన నాటు తుపాకీలు పగిలేది కూడా ఒత్తిడి లెక్క లేకపోవడం వల్లనే.

అందువల్ల నా సలహా: తుపాకీతో కాదు, ఆకురాయితో మొదలుపెట్టండి. పదో తరగతి తరువాత ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు కోర్సులు రెండేళ్లవి. ఆపైన అప్రెంటిస్‌షిప్. మనకు దగ్గరి ఆయుధ కర్మాగారం సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉంది. కాని 1984లో స్థాపించిన ఆ కర్మాగారంలో తయారయ్యేవి సైనిక పోరాట వాహనాలు. చిన్న ఆయుధాలకు తిరుచిరాపల్లి, కాన్పూరు, ఇషాపూర్ చూడాలి. సైన్యంలో చేరేవారికి ఈఎంఈ విభాగంలో ఆర్మరర్ పని ఉంది. ఆ విభాగపు శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది. పోలీసు శాఖకూ ఆర్మరర్లు కావాలి. సొంత దుకాణం ఆలోచన ఉంటే, లైసెన్సున్న దుకాణంలో కొన్నేళ్లు పనిచేయడం మేలు. రాబడి మాత్రం పరిమితం: 2019 నుంచి సాధారణంగా ఒక వ్యక్తికి రెండు తుపాకీలే అనుమతి, అంతకుముందు మూడు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: లైసెన్సున్న రైతు తన తుపాకీని మీ షెడ్డుకు తెచ్చాడు. ఆయనకు ఏం చెబుతారు? ఏ సెక్షన్ ఆధారంగా? ఐదు వాక్యాల్లో రాయండి.