అవధానము – అరచేతి ఫోను

అవధానమను మాటకు మనసును ఒకచోట నిలుపుట అని అర్థము. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల వారికి ఈ మాట వినగానే ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గుర్తుకు వచ్చుట సహజము. ఆయన హరికథా పితామహుడు. 1919లో విజయనగరమున నెలకొన్న సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షుడు. చేతులతో, కాళ్లతో వేరువేరు తాళములు వేయుచు పాడిన ప్రజ్ఞాశాలి. ఫారసీ నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతములోనికి, అచ్చతెలుగులోనికి తెచ్చినాడన్న సంగతి ఉర్దూ తెలుగులు రెండును చదువు మనకు మరింత ప్రీతికరము.

అంతటివారు ఒకేసారి పెక్కు పనులు చేయగా, మేము ఫోను చూచుచు చదివిన తప్పేమని విద్యార్థులు అడుగవచ్చును. అష్టావధానములో ఎనమండుగురు పృచ్ఛకులుందురు. అవధాని ఒకరికి పద్యపాదము చెప్పి మరొకరివైపు తిరుగును. కాని విడిచిన పాదమును మరువడు, మరల అచటికే వచ్చును. తుదకు ధారణలో పద్యములన్నియు ఒప్పచెప్పవలెను. ఆయన ధ్యాస చెదరగొట్టుటకే నియమింపబడిన అప్రస్తుత ప్రసంగి ఒక్కడే. సభతోపాటు అతని ప్రసంగమును ముగియును.

ఫోనులోనో, అందరును అప్రస్తుత ప్రసంగులే! వాట్సాప్ పిలుచును, ఇన్‌స్టాగ్రామ్ పిలుచును. అజా రాస్కిన్ 2006లో రూపొందించిన అంతులేని పుట వలన వేలితో తోసిన కొలది కొత్త సరుకు వచ్చుచునే యుండును. చాలునని చెప్పు చోటు లేదు. 2016లో జియో వచ్చి డేటా చౌకయైన పిదప ఈ సభ పల్లెలకును విస్తరించినది. ఇందులో ధారణ మాత్రము లేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు గ్లోరియా మార్క్ 2004 ప్రాంతమున కొలిచినపుడు, మనిషి ధ్యాస ఒక తెరపై సగటున రెండున్నర నిమిషములు నిలిచినది. తరువాతి కొలతలలో అది 47 సెకన్లకు దిగినది. అంతకంటె ఆలోచింపదగినది ఆమె బృందము 2008లో ప్రకటించిన ప్రయోగము. నడుమ నడుమ ఆటంకములు కలిగినవారు పనిని త్వరగానే ముగించిరి. కాని వారిలో ఒత్తిడి, విసుగు, శ్రమ హెచ్చినవి. అనగా నష్టము గడియారమునకు తెలియదు, మనసుకే తెలియును. పనులన్నియు అయినను సాయంకాలమునకు కలుగు అలసటకు ఇదియొక కారణము కావచ్చును.

ఫోను మ్రోగకున్నను బల్లపై నున్నచో బుద్ధిబలము కొంత తగ్గునని 2017లో టెక్సాస్ పరిశోధకులు ప్రకటించిరి. దానిని వేరొక గదిలో ఉంచినవారే పరీక్షలలో మెరుగుగా నిలిచిరట. తరువాత చేసిన పరీక్షలన్నియు దీనిని సమర్థింపలేదు గనుక ఇది తుది తీర్పు కాదు. అయినను ఖర్చులేని ప్రయోగము గదా, ఎవరికి వారే చేసి చూడవచ్చును. హాస్టలులో ఉన్నవారు ఫోనును మిత్రుని గదిలో విడిచి రావచ్చును. అపుడా మిత్రునికి రెండు ఫోనులగును, అది వేరే చిక్కు.