ఒక్క అడుగు... రెండు పనులు!

పెనుకొండ: చదరంగానికీ ఈ సీమకూ పాత చుట్టరికమే. విజయనగర ప్రభువులకు పెనుకొండ రెండో రాజధాని. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచిన మొనగాడు బొడ్డుచెర్ల తిమ్మన అని చాటువు చెబుతుంది. హిందూపురం, ధర్మవరం పిల్లలు బల్ల ముందేసుకుని తేల్చుకోదగ్గ చిక్కుముడి ఒకటుంది. 1921లో దాన్ని కూర్చినవాడు చెకోస్లోవేకియా ఆటగాడు రిచర్డ్ రేటీ.

బల్లమీద నాలుగే పావులు. తెల్లరాజు హెచ్ 8 మూలన, తెల్లబంటు సి 6లో. నల్లరాజు ఏ 6లో, నల్లబంటు హెచ్ 5లో. ముందెత్తు తెల్లవారిది. ఆటను డ్రా చేయాలి.

చూడగానే ఎవరైనా పెదవి విరుస్తారు. నల్లబంటు నాలుగెత్తుల్లో మంత్రి అవుతుంది. తెల్లరాజు దాని వెంటపడితే రెండెత్తులు వెనకబడతాడు. సొంత బంటును కాచుకుందామంటే నల్లరాజు దాన్ని రెండెత్తుల్లో మింగేస్తాడు.

కిటుకు ఇదీ. తెల్లరాజు నిలువుగా దిగడు. ఐమూలగా జి 7, ఎఫ్ 6, ఇ 5 గళ్ల మీదుగా నడుస్తాడు. ఆ దారిలో ప్రతి అడుగూ నల్లబంటును తరుముతుంది, తెల్లబంటుకూ దగ్గరవుతుంది. నల్లబంటు పరుగు ఆపకపోతే తెల్లరాజు తన బంటు పక్కన చేరతాడు. ఇద్దరికీ మంత్రులు పుడతారు. నల్లరాజు తెల్లబంటును చంపబోతే అందుకు రెండెత్తులు ఖర్చు. ఈలోగా తెల్లరాజు వెనుదిరిగి నల్లబంటును పట్టేస్తాడు. తెల్లవారికి తక్కువైన రెండెత్తులు అలా ఎదుటివారి చేతినుంచే వస్తాయి!

చుట్టూ తిరిగితే ఆలస్యం కాదా? పెనుకొండ నుంచి ధర్మవరానికి పుట్టపర్తి మీదుగా పోయే రైలుకు దారి ఎక్కువే. చదరంగంలో రాజుకు ఆ బాధ లేదు. హెచ్ 8 నుంచి హెచ్ 2కు నిలువుగా దిగినా ఆరెత్తులే, ఇ 5 దాకా పోయి వచ్చినా ఆరెత్తులే.

ఎత్తులు బట్టీపట్టి ఒప్పజెప్పడం తేలికే. అర్థమైందీ లేనిదీ తెలియాలంటే నల్లబంటును హెచ్ 4లో పెట్టి మళ్లీ ఆడించాలి. ఈసారి తెల్లవారు ఓడిపోతారు. తక్కువైనవి మూడెత్తులు, కలిసొచ్చేవి రెండే. ఈ లెక్క తనంతట తాను చెప్పగలిగిన పిల్లవాడికి చిక్కు విడిపోయినట్టే.