యూనిట్ – 7: హిందీ సినిమాలో స్ట్రీమింగ్ విడుదలలు – ఎదుగుతున్న కొత్త తారలు

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 స్ట్రీమింగ్ విడుదల – మూడు పద్ధతులు
7.3 చారిత్రక నేపథ్యం
7.4 థియేటర్‌కు, ఓటీటీకి మధ్య గడువు
7.5 కొత్త నటీనటుల ఎదుగుదల
7.6 ఆదరణను కొలవడం
7.7 నియంత్రణ
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
7.10 ముఖ్య పదాలు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• స్ట్రీమింగ్ విడుదలలోని వివిధ పద్ధతుల మధ్య తేడాలను చెప్పగలుగుతారు.
• నిర్మాతకు, థియేటర్ యజమానికి మధ్య గడువు విషయంలో వచ్చే వివాదానికి కారణాలను వివరించగలుగుతారు.
• కొత్త నటీనటుల ఎదుగుదలలో ఓటీటీ వేదికల పాత్రను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ఒక సినిమా ‘హిట్’ అనే ప్రకటనను ఆధారాలతో పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

ఒక నటుడు ‘స్టార్’ అయ్యాడని మనకు ఎలా తెలుస్తుంది? చాలా కాలం వరకు దీనికి సమాధానం సులభంగానే ఉండేది. థియేటర్ ముందు ‘హౌస్‌ఫుల్’ బోర్డు, సినిమా ఆడిన రోజుల లెక్క, పంపిణీదారు చేతికి వచ్చిన డబ్బు, ఈ మూడూ కలిసి ఆ విషయాన్ని తేల్చేవి. ప్రేక్షకుడు టికెట్ కొన్నాడంటే ఆ నటుడి కోసం ఇల్లు కదిలి వచ్చాడని అర్థం.

ఇవాళ ఒక కొత్త నటుడి మొదటి సినిమా నేరుగా మన చేతిలోని ఫోన్‌లోకి వస్తోంది. నెలవారీ చందా ముందే కట్టి ఉంటాం కాబట్టి ఆ సినిమా కోసం ప్రత్యేకంగా డబ్బు చెల్లించం. నచ్చకపోతే పది నిమిషాలకే ఆపేస్తాం. ఆ నటుడిని ఎంతమంది ఇష్టపడ్డారో బయటివారికి స్పష్టంగా తెలియదు. ఈ మార్పు ఒక తరం నటీనటుల భవిష్యత్తును ఎలా ప్రభావితం చేస్తోందో హిందీ సినిమా ఉదాహరణగా ఈ యూనిట్‌లో తెలుసుకుందాం.

7.2 స్ట్రీమింగ్ విడుదల – మూడు పద్ధతులు

ఇంటర్నెట్ ద్వారా నేరుగా తెరకు చేరే దృశ్య కార్యక్రమాల సేవలను వాడుకలో ‘ఓటీటీ’ అంటున్నాం. వీటిలో సినిమా విడుదల ప్రధానంగా మూడు విధాలుగా జరుగుతుంది.

(అ) నేరు విడుదల: సినిమా థియేటర్‌కు వెళ్లకుండా మొదటే ఓటీటీలో రావడం. వేదిక నిర్మాతకు ఒప్పుకున్న మొత్తాన్ని చెల్లిస్తుంది. నిర్మాతకు నష్టభయం తగ్గుతుంది. అయితే సినిమాను ఎక్కువమంది చూసినంత మాత్రాన అదనపు లాభం వస్తుందని చెప్పలేం. అది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

(ఆ) థియేటర్ తరవాతి విడుదల: సినిమా ముందు థియేటర్లలో ఆడి, కొన్ని వారాల తరవాత ఓటీటీకి రావడం. ఇప్పుడు ఎక్కువ హిందీ సినిమాలు ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

(ఇ) చూసినప్పుడే చెల్లింపు: చందా లేకుండా ఒక్కో సినిమాకు విడిగా డబ్బు కట్టడం. ఆమిర్ ఖాన్ నిర్మించి నటించిన ‘సితారే జమీన్ పర్’ 2025 జూన్ 20న థియేటర్లలో విడుదలైంది. చందా వేదికలకు ఇవ్వకుండా, ఆగస్టు 1 నుంచి దీన్ని యూట్యూబ్‌లో రూ. 100 చెల్లించి చూసే ఏర్పాటు చేశారు.

7.3 చారిత్రక నేపథ్యం

హాట్‌స్టార్ 2015లో మొదలైంది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, అమెజాన్ ప్రైమ్ వీడియో అదే సంవత్సరం డిసెంబర్‌లో భారతదేశానికి వచ్చాయి. చౌకగా దొరికిన మొబైల్ డేటా వీటి విస్తరణకు తోడ్పడింది.

2018 ఫిబ్రవరి 14న ‘లవ్ పర్ స్క్వేర్ ఫుట్’ అనే హిందీ సినిమా థియేటర్లను వదిలి నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఇందులో కథానాయకుడు విక్కీ కౌశల్. అప్పటికి అతను ‘మసాన్’ (2015)తో విమర్శకుల మెప్పు పొందినా ఇంకా పెద్ద తార కాలేదు. 2019 జనవరిలో థియేటర్లలో వచ్చిన ‘ఉరి’ విజయంతో అగ్రశ్రేణికి చేరాడు. ఓటీటీలో పరిచయం, థియేటర్‌లో గుర్తింపు అనే ఈ వరసను గుర్తుంచుకోండి. 7.5లో దీన్ని మళ్లీ చూస్తాం.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా థియేటర్లు మూతపడ్డాయి. విడుదలకు సిద్ధంగా ఉన్న సినిమాలపై నిర్మాతలకు వడ్డీ భారం పెరగసాగింది. ఆ పరిస్థితిలో అమితాబ్ బచ్చన్, ఆయుష్మాన్ ఖురానా నటించిన ‘గులాబో సితాబో’ 2020 జూన్ 12న ప్రైమ్ వీడియోలో నేరుగా విడుదలైంది. ఒక పెద్ద మల్టీప్లెక్స్ సంస్థ దీనిపై బహిరంగంగా అసంతృప్తి తెలిపింది. తరవాత ‘దిల్ బేచారా’, ‘శకుంతలా దేవి’, ‘గుంజన్ సక్సేనా’ అదే దారిలో వచ్చాయి. తెలుగులో నాని నటించిన ‘వి’ కూడా అదే సంవత్సరం సెప్టెంబర్ 5న ప్రైమ్ వీడియోలో విడుదలైంది. 2020 అక్టోబర్ 15 నుంచి సగం సీట్లతో థియేటర్లు తెరవడానికి కేంద్రం అనుమతించింది. అయినా 2021లో ‘షేర్‌షా’, ‘సర్దార్ ఉధమ్’ వంటి పెద్ద సినిమాలు ఓటీటీకే వెళ్లాయి. అవసరం కొద్దీ మొదలైన పద్ధతి అలా అలవాటుగా మారింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
సూచన: సమాధానాన్ని విడి కాగితంపై రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
1. నేరు విడుదల వల్ల నిర్మాతకు కలిగే లాభం, పరిమితి ఏమిటి?

7.4 థియేటర్‌కు, ఓటీటీకి మధ్య గడువు

థియేటర్‌లో విడుదలైన రోజుకు, ఓటీటీలో వచ్చే రోజుకు మధ్య ఉండే వ్యవధిని పరిశ్రమలో ‘విండో’ అంటారు. హిందీ సినిమాలకు ఇది 8 వారాలు ఉండాలని మల్టీప్లెక్స్‌లు పట్టుబడుతున్నాయి. కారణం అర్థం కావాలంటే టికెట్ డబ్బు ఎలా పంచుకుంటారో తెలియాలి.

2009లో నిర్మాతలు, మల్టీప్లెక్స్‌ల మధ్య వాటాల విషయంలో ప్రతిష్టంభన ఏర్పడింది. దాని తరవాత కుదిరిన ఒప్పందం ప్రకారం పన్నులు పోను మిగిలిన వసూలులో నిర్మాత–పంపిణీదారు పక్షానికి మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5 శాతం, మూడో వారం 37.5 శాతం, ఆపైన 30 శాతం వస్తుంది. మిగిలింది థియేటర్‌ది.

పన్ను పోను వంద రూపాయలు మిగిలిన టికెట్‌ను తీసుకోండి. మొదటి వారం అందులో థియేటర్ వాటా 50 రూపాయలు. నాలుగో వారం వచ్చేసరికి 70 రూపాయలు. అంటే సినిమా ఎన్ని ఎక్కువ వారాలు ఆడితే థియేటర్‌కు అంత మేలు. నిర్మాత సంగతి దీనికి భిన్నం. అతని ఆదాయంలో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. ఆ తరవాత సినిమాను త్వరగా ఓటీటీకి ఇస్తే, ప్రచారం వేడి తగ్గకముందే మంచి ధర పలకవచ్చు. ఒకే సినిమాపై ఇద్దరి ప్రయోజనాలు రెండు వైపులకు లాగుతున్నాయి. గడువు వివాదానికి మూలం ఇదే.

ఉదాహరణ: రాజ్‌కుమార్ రావ్, వామికా గబ్బీ నటించిన ‘భూల్ చూక్ మాఫ్’ 2025 మే 9న థియేటర్లలో రావలసి ఉంది. సరిహద్దు ఉద్రిక్తతల నేపథ్యంలో, విడుదలకు ముందు రోజున నిర్మాతలు థియేటర్ విడుదలను రద్దు చేసి, మే 16న ప్రైమ్ వీడియోలో వస్తుందని ప్రకటించారు. ముందస్తు బుకింగ్‌లు జరిగాక ఇది ఒప్పంద ఉల్లంఘన అంటూ మల్టీప్లెక్స్ సంస్థ బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. కోర్టు ఓటీటీ విడుదలను తాత్కాలికంగా నిలిపింది. చివరకు రాజీ కుదిరి సినిమా మే 23న థియేటర్లలో, రెండు వారాల తరవాత జూన్ 6న ఓటీటీలో విడుదలైంది. 8 వారాల గడువు చట్టం కాదనీ, బేరం మీద ఆధారపడిన ఆచారమనీ ఈ ఉదంతం చూపుతుంది.

7.5 కొత్త నటీనటుల ఎదుగుదల

ఇప్పటి యువ నటీనటుల ప్రయాణాన్ని పరిశీలిస్తే నాలుగు దారులు కనిపిస్తాయి.

7.5.1 ఓటీటీలో నైపుణ్యం, థియేటర్‌లో పేరు

త్రిప్తి డిమ్రి నటించిన ‘లైలా మజ్నూ’ 2018లో థియేటర్లలో ఆడలేదు. సాధారణంగా అక్కడితో ఆమెకు అవకాశాలు తగ్గిపోవాలి. కానీ 2020 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బుల్బుల్’, 2022 డిసెంబర్‌లో వచ్చిన ‘కళా’ ఆమె ప్రతిభను చూపాయి. ఈ రెంటికీ దర్శకురాలు అన్వితా దత్. రెండూ కథానాయిక చుట్టూ అల్లుకున్న కథలే. అయినా దేశమంతటా ఆమె పేరు మారుమోగింది 2023 డిసెంబర్‌లో థియేటర్లలో వచ్చిన ‘యానిమల్’తో. వరంగల్‌కు చెందిన సందీప్ రెడ్డి వంగా తీసిన ఈ సినిమాలో ఆమెది చిన్న పాత్ర. మంచి పాత్రలు ఓటీటీ ఇస్తే, పేరు థియేటర్ ఇచ్చింది.

7.5.2 థియేటర్‌లో మొదలు, ఓటీటీలో రెండో జీవితం

కిరణ్ రావ్ దర్శకత్వం వహించిన ‘లాపతా లేడీస్’ 2024 మార్చి 1న విడుదలైంది. పెద్ద తారలు లేరు. నితాన్షీ గోయల్, ప్రతిభా రంటా, స్పర్శ్ శ్రీవాస్తవ ప్రధాన పాత్రధారులు. థియేటర్ వసూళ్లు ఓ మోస్తరుగా ఉన్నా, ఏప్రిల్ 26న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక దీనిపై చర్చ ఇంటింటికీ చేరింది. ఆ సంవత్సరం ఆస్కార్‌కు భారత్ తరఫున దీన్నే పంపారు. స్పర్శ్ అంతకుముందు ‘జామ్‌తారా’ అనే వెబ్ సిరీస్‌లో నటించాడు. టికెట్ కొనడానికి జనం వెనకాడే చిన్న సినిమాకు ఓటీటీ ఎంత మేలు చేయగలదో ఇది చూపుతుంది.

7.5.3 సినీ కుటుంబాల వారసులకు ఓటీటీ ప్రవేశం

జోయా అఖ్తర్ తీసిన ‘ది ఆర్చీస్’ 2023 డిసెంబర్ 7న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. సుహానా ఖాన్, ఖుషీ కపూర్, అగస్త్య నందాలకు ఇది మొదటి పెద్ద సినిమా. వీరితో పాటు సినీ నేపథ్యం లేని వేదాంగ్ రైనా వంటివారూ ఉన్నారు. ఆమిర్ ఖాన్ కుమారుడు జునైద్ ఖాన్ తొలి సినిమా ‘మహరాజ్’ కూడా నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చింది. 1862 నాటి పరువునష్టం కేసు దీని ఇతివృత్తం. ‘అర్జున్ రెడ్డి’తో తెలుగువారికి తెలిసిన శాలినీ పాండే ఇందులో నటించింది. గుజరాత్ హైకోర్టు మొదట విడుదలను ఆపి, 2024 జూన్ 21న అనుమతించింది.

ఓటీటీ వల్ల వారసులకు ఒక సౌకర్యం ఉంది. తొలి శుక్రవారం వసూళ్ల పరీక్ష తప్పుతుంది. అయితే ఆ పరీక్ష వాయిదా పడుతుందే కాని రద్దు కాదు. జునైద్, ఖుషీ కలిసి నటించిన ‘లవ్‌యాపా’ 2025 ఫిబ్రవరిలో థియేటర్లలో విడుదలై నిలబడలేకపోయింది. ఇంటింటా తెలిసిన ముఖమే అయినా, టికెట్ కొనిపించే శక్తి అప్పుడే రాదు.

7.5.4 థియేటర్‌లోనే తొలి విజయం

2025 జూలై 18న విడుదలైన ‘సైయారా’ ఈ చర్చను మలుపు తిప్పింది. మోహిత్ సూరి దర్శకుడు. అహాన్ పాండేకు నాయకుడిగా మొదటి సినిమా. నాయిక అనీత్ పడ్డా అంతకుముందు ఒక వెబ్ సిరీస్‌లో నటించింది. ఇద్దరూ దాదాపు కొత్తవారే అయినా ఆ ఏడాది అత్యధిక వసూళ్లు సాధించిన హిందీ సినిమాల్లో ఇది ఒకటైంది. పాటలు, ప్రేమకథ యువతను థియేటర్లకు రప్పించాయి. సెప్టెంబర్ 12న, అంటే సరిగ్గా 8 వారాల తరవాత, నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. కొత్త ముఖాల కోసం జనం థియేటర్‌కు రారన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదని దీనితో తేలింది.

ఈ నాలుగు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఓటీటీ నటుడికి పని, పాత్రలో వైవిధ్యం, విఫలమైనా మరో అవకాశం ఇస్తోంది. అయితే పారితోషికం పెంచి, తన పేరు మీద సినిమా మొదలయ్యే స్థాయిని మాత్రం ఎక్కువగా థియేటరే ఇస్తోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
2. త్రిప్తి డిమ్రి ప్రయాణంలో ఓటీటీ పాత్ర, థియేటర్ పాత్ర ఎలా వేరయ్యాయి?

7.6 ఆదరణను కొలవడం

థియేటర్ వసూళ్ల లెక్కల్లో అతిశయోక్తి ఉండవచ్చు. కాని వాటిని సరిచూడటానికి థియేటర్లు, పంపిణీదారులు, వ్యాపార విశ్లేషకులు అనే మూడు వైపులున్నాయి. ఓటీటీలో లెక్క మొత్తం వేదిక చేతిలోనే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2021 నవంబర్ నుంచి వారంవారం తొలి పది స్థానాల జాబితాను, 2023 డిసెంబర్ నుంచి ఆరు నెలల వీక్షణ నివేదికలను ప్రకటిస్తోంది. అన్ని వేదికలూ ఇంత వివరంగా చెప్పవు.

ఈ జాబితాల్లో ‘వీక్షణలు’ అంటే మొత్తం చూసిన గంటలను సినిమా నిడివితో భాగించగా వచ్చే సంఖ్య. ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. రెండున్నర గంటల సినిమాను మొత్తం 50 లక్షల గంటలు చూశారనుకుంటే వీక్షణలు 20 లక్షలు. దీని అర్థం 20 లక్షలమంది చివరి వరకూ చూశారని కాదు. 40 లక్షలమంది సగంలో ఆపేసినా ఇదే సంఖ్య వస్తుంది. ఒకే ఫోన్‌లో నలుగురు కలిసి చూసినా ఒక్కసారే లెక్కకు వస్తుంది. కాబట్టి ‘మొదటి స్థానంలో ఉంది’ అన్న ప్రకటన కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ దేశంలో? ఎన్ని రోజులకు? ఎవరి లెక్క?

ఇది కొత్త నటుడి బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న కూడా. తన సినిమా ఎందరు చూశారో తెలియని నటుడు తరవాతి సినిమాకు పారితోషికం ఏ ఆధారంతో అడగగలడు? లెక్క ఎవరి దగ్గర ఉంటే బేరంలో బలం వారిదే.

7.7 నియంత్రణ

థియేటర్‌లో ప్రదర్శించే సినిమాకు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి సర్టిఫికెట్ తప్పనిసరి. ఓటీటీలో నేరుగా వచ్చే సినిమాకు అది అవసరం లేదు. 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన సమాచార సాంకేతిక నియమాలు వీటికి వర్తిస్తాయి. వేదికే సినిమాను వయసుల వారీగా వర్గీకరించాలి. ఫిర్యాదులకు వేదిక, స్వీయ నియంత్రణ సంఘం, ప్రభుత్వం అనే మూడు అంచెల విధానం ఉంది.

7.8 సారాంశం

కోవిడ్ కాలంలో అవసరంగా వచ్చిన నేరు విడుదల హిందీ సినిమా వ్యాపారంలో స్థిరపడింది. వాటాల పద్ధతి వల్ల నిర్మాతకు, థియేటర్‌కు మధ్య గడువు వివాదం కొనసాగుతోంది. కొత్త నటీనటులకు ఓటీటీ తలుపు తెరిచింది, విఫలమైనవారికి మరో అవకాశం ఇచ్చింది. తారస్థాయిని మాత్రం ఇప్పటికీ ఎక్కువగా థియేటరే నిర్ణయిస్తోంది. వీక్షణల లెక్కలు వేదికల చేతుల్లో ఉండటం వల్ల వాటిని జాగ్రత్తగా చదవాలి.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. ఒప్పుకున్న మొత్తం అందుతుంది కాబట్టి నష్టభయం తగ్గుతుంది. సినిమా బాగా ఆదరణ పొందినా అదనపు లాభం రాకపోవచ్చు.
2. ‘బుల్బుల్’, ‘కళా’ ద్వారా ఓటీటీ ఆమెకు ప్రధాన పాత్రలు ఇచ్చింది. ‘యానిమల్’ ద్వారా థియేటర్ దేశవ్యాప్త గుర్తింపు ఇచ్చింది.

7.10 ముఖ్య పదాలు

నేరు విడుదల: థియేటర్‌లో ప్రదర్శించకుండా మొదటే ఓటీటీలో విడుదల చేయడం.
విండో: థియేటర్, ఓటీటీ విడుదలల మధ్య వ్యవధి.
వీక్షణలు: చూసిన మొత్తం గంటలను నిడివితో భాగించగా వచ్చే సంఖ్య.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హిందీ సినిమా యువ నటీనటుల ఎదుగుదలలో ఓటీటీ వేదికల పాత్రను ఉదాహరణలతో చర్చించండి.
2. వసూళ్ల వాటాల ఆధారంగా విండో వివాదాన్ని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘భూల్ చూక్ మాఫ్’ విడుదల వివాదం
2. వీక్షణల లెక్కలోని పరిమితులు

III. అభ్యాసం: ఈ మధ్య మీరు ఓటీటీలో చూసిన ఒక కొత్త నటుడి సినిమాను తీసుకోండి. అదే సినిమా థియేటర్‌లో వస్తే టికెట్ కొని చూసేవారా? మీ ఇంట్లోవారిని, స్నేహితులను కలిపి ఐదుగురిని అడిగి, వారు చెప్పిన కారణాలను ఒక పేజీలో రాయండి.