సాదా సైకిల్‌ను ట్యూబ్‌లెస్ చేయొచ్చా? టైర్ కాదు.. ముందు రిమ్ చూడండి!

బైక్ ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగినా చాలాసార్లు ఇంటిదాకా వచ్చేస్తాం. అదే సైకిల్‌కు చిన్న ముల్లు గుచ్చుకుంటే చాలు.. దిగి తోసుకుంటూ నడవాల్సిందే. వికారాబాద్ జిల్లా బంట్వారం, తాండూరు వైపు పొలం బాటల్లో సైకిల్ తొక్కేవాళ్లకు ఇది కొత్తేం కాదు. తుమ్మ ముళ్లు, కంది కోసిన చేలో మిగిలే కొయ్యలు, పల్లేరు కాయలు.. అన్నీ టైర్‌కు శత్రువులే. పల్లేరుకు ఇంగ్లిష్‌లో ఉన్న పేరే 'పంక్చర్ వైన్'! మరి సైకిల్‌కూ ట్యూబ్ తీసేస్తే సరిపోతుందా?

ఎలా పనిచేస్తుంది?

మామూలు సైకిల్‌లో గాలిని ఆపేది ట్యూబ్. ట్యూబ్‌లెస్‌లో ఆ పని టైర్, రిమ్ కలిసి చేయాలి. లోపల సీలెంట్ అనే పల్చటి ద్రవం ఉంటుంది. ముల్లు గుచ్చుకోగానే గాలితో పాటు అది కన్నంలోకి వచ్చి గడ్డకడుతుంది. మౌంటెన్ బైకులకు 1999లో ఫ్రాన్స్ కంపెనీ మావిక్ 'యూఎస్‌టీ' పేరుతో ట్యూబ్‌లెస్ చక్రాలు తెచ్చింది.

ఏ సైకిల్‌కు కుదురుతుంది?

28 అంగుళాల పాత నల్ల సైకిల్‌కు వద్దు. దాని స్టీల్ రిమ్‌లో టైర్ అంచు గట్టిగా కూర్చునే ఆకారం ఉండదు. గాలి నిలిచినట్టు కనిపించినా, మలుపులో టైర్ ఒక్కసారిగా ఊడొచ్చు. ముందు చక్రమైతే నేరుగా కింద పడతారు. అల్లాయ్ రిమ్ ఉన్న 26, 27.5, 29 అంగుళాల సైకిళ్లకు ప్రయత్నించొచ్చు. అక్కడా రిమ్, టైర్ రెండింటి మీదా 'ట్యూబ్‌లెస్ రెడీ' అని ఉంటేనే సేఫ్.

ఇలా మారుస్తారు

1. ట్యూబ్ తీసి, రిమ్‌ను శుభ్రంగా తుడవాలి.
2. స్పోక్ రంధ్రాలన్నీ మూసుకుపోయేలా ట్యూబ్‌లెస్ టేప్ బిగుతుగా చుట్టాలి.
3. టేప్‌కు చిన్న రంధ్రం చేసి వాల్వ్ బిగించాలి.
4. టైర్ ఎక్కించి, సైజును బట్టి 60 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ పోయాలి.
5. కంప్రెసర్‌తో గాలి కొట్టాలి. 'టప్ టప్' అని శబ్దం వస్తే అంచు కూర్చున్నట్టే. టైర్, రిమ్ మీద రాసిన ప్రెషర్ మాత్రం దాటొద్దు.
6. చక్రాన్ని తిప్పుతూ ఊపి, సబ్బు నీళ్లతో లీకులు చూడాలి.

సైకిళ్ల కోసం తయారైన సీలెంటే కొనండి. అమ్మోనియా ఎక్కువున్న రకాలు అల్లాయ్ రిమ్‌ను తినేస్తాయి. సీలెంట్ 2 నుంచి 6 నెలల్లో ఎండిపోతుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. మళ్లీ పోయాల్సిందే. పెద్ద చీలికను అది ఆపలేదు కాబట్టి, దూరం వెళ్తే స్పేర్ ట్యూబ్ దగ్గర పెట్టుకోండి.

మరి సాదా సైకిల్‌కు?

పిల్లలు బడికి వెళ్లే సైకిల్‌కు ఇంత ఖర్చు అక్కర్లేదు. మందపాటి ట్యూబ్ వేయించండి. టైర్‌కు, ట్యూబ్‌కు మధ్య లైనర్ పట్టీ పెట్టించండి. వారానికోసారి గాలి చూడండి. పంక్చర్ వేయించిన ప్రతిసారీ టైర్ లోపల జాగ్రత్తగా తడిమి చూడమనండి. విరిగిన ముల్లు ముక్క అక్కడే ఉండిపోతే.. మర్నాడు మళ్లీ అదే షాపుకి వెళ్లాలి!